సన్‌షైన్ గొంతు తగ్గించాక

సన్‌షైన్ అనే చెక్ బ్యాండ్ పాటలు నేను దాదాపు ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ఇన్నేళ్లలో ఆ పేరు ముందే తెలిసిన తెలుగువారు నాకు ఒక్కరే తారసపడ్డారు. సొంత దేశంలో ఆ బ్యాండ్‌కు మంచి గుర్తింపే ఉన్నా, ఆ సరిహద్దు దాటితే, పాత ఎమో రికార్డులను పనిగట్టుకుని వెతికే కొద్దిమందికి తప్ప దాని ఊసు తెలియదు. వారి మొదటి రికార్డులకూ ఆ తర్వాతి రికార్డులకూ మధ్య నాదం ఎంత మారిపోయిందంటే, పేరు చెప్పకుండా రెండింటినీ వినిపిస్తే ఒకే బ్యాండ్ వాయించిందని ఎవరూ ఊహించరు. ఆ మార్పును నేను చాలాకాలం తప్పుగా అర్థం చేసుకున్నాను. ఇప్పుడు నాకు అది ఎలా వినిపిస్తున్నదో కొంచెం వివరంగా రాయాలని కూర్చున్నాను.

ముందుగా ఎమో అన్న మాట గురించి చెప్పాలి. మన దగ్గర ఆ మాట విన్నవారిలో చాలామందికి, 2000ల మధ్యలో కంటిమీద పడేలా జుట్టు దువ్వుకున్న కుర్రాళ్ల ఫొటోలు గుర్తుకొస్తాయి. ఆ మాట అంతకంటే చాలా పాతది. 1980ల మొదట్లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో హార్డ్‌కోర్ పంక్ అనే సంగీతం ఉండేది. ఒక్కొక్క పాట నిమిషం, నిమిషంన్నర నిడివితో, ఊపిరి సలపనంత వేగంతో, సమాజం మీద కోపంతో సాగిపోయేది. 1985లో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాండ్ డిస్కార్డ్ అనే లేబుల్, అంటే రికార్డుల కంపెనీ, ద్వారా ఒక రికార్డు తెచ్చింది. ఆ బ్యాండ్ గాయకుడు గై పిచియాటో అదే వేగాన్ని, అదే అరుపును తీసుకుని దాని ముఖాన్ని లోపలికి తిప్పాడు. ప్రభుత్వం మీద, పోలీసుల మీద అరవడానికి బదులు తన ఓటమి గురించి, తాను పోగొట్టుకున్నదాని గురించి అరిచాడు. ఎవరో దానికి ఎమోషనల్ హార్డ్‌కోర్ అని పేరు పెట్టారు, అదే కురచై ఎమో అయింది. ఆ పేరు ఆ సంగీతకారులకు ఎన్నడూ నచ్చలేదు.

1990లలో ఆ మొక్కకు చాలా కొమ్మలు వేశాయి. సియాటిల్ నుంచి సన్నీ డే రియల్ ఎస్టేట్ 1994లో తెచ్చిన ఆల్బమ్ రాగప్రధానమైన కొమ్మ. శాన్ డియేగోలో గ్రావిటీ అనే చిన్న లేబుల్ చుట్టూ పెరిగినది ఇంకో కొమ్మ. అక్కడి హెరాయిన్, ఆంటియోక్ యారో వంటి బ్యాండ్ల పాటలు తెగిపోతున్న తీగలా వినిపిస్తాయి. గాయకుడు పాడుతున్నాడో, కింద పడిపోతున్నాడో చెప్పడం కష్టం. సన్‌షైన్ కథకు ఈ రెండో కొమ్మే ముఖ్యం, ఎందుకంటే ఆ తర్వాత సన్‌షైన్ నడిచిన దారికి మొదటి అడుగుజాడలు అక్కడే కనిపిస్తాయి.

సన్‌షైన్ పుట్టిన ఊరు టాబొర్. ప్రాగ్‌కు దక్షిణంగా, వంద కిలోమీటర్ల లోపు దూరంలో, దక్షిణ బొహీమియాలో ఉంటుంది. 1420లో హుస్సైట్లు అనే మత తిరుగుబాటుదారులు కట్టుకున్న ఊరు అది. బైబిల్లోని కొండ పేరునే దానికి పెట్టుకున్నారు. ఒక చిన్న ఊరిలో 1990ల మధ్యలో కొందరు కుర్రాళ్లు అమెరికన్ హార్డ్‌కోర్ వాయించడం మొదలుపెట్టడం వినడానికి మామూలు విషయంగానే ఉంటుంది. దాని వెనుక ఏముందో తెలిస్తే అంత మామూలుగా తోచదు.

కమ్యూనిస్టు పాలనలోని చెకోస్లొవాకియాలో ఒక బ్యాండ్ జనం ముందు వాయించాలంటే అధికారుల సంఘం ఎదుట పరీక్షకు నిలబడాలి. ఏ పాటలు వాయిస్తారో, ఏ మాటలు పాడతారో వారు చూసి, విని, అనుమతి ఇస్తేనే వేదిక దొరికేది. 1983లో ట్రిబునా అనే పార్టీ వారపత్రిక న్యూ వేవ్ సంగీతాన్ని తూర్పారబడుతూ ఒక వ్యాసం అచ్చువేసింది. దాని తర్వాత ఎన్నో బ్యాండ్లకు వాయించే అవకాశం మూసుకుపోయింది. సింథసైజర్లతో, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డులతో, పొడిపొడి గిటార్లతో, చల్లని గొంతుతో సాగే ఆ న్యూ వేవ్‌ను అధికారులు ఒక ప్రమాదంగా చూశారన్న సంగతిని గుర్తుపెట్టుకోవాలి. పది పదిహేనేళ్ల తర్వాత సన్‌షైన్ చేరుకున్నది ఆ చల్లని నాదం దగ్గరికే.

1989 నవంబరులో ఆ పాలన కూలింది. 1993 జనవరి 1న చెక్, స్లొవాక్ దేశాలు విడిపోయాయి. అనుమతి అడగవలసిన సంఘం లేకుండా పోయాక, యువకులు తమ వేదికలను తామే తయారుచేసుకున్నారు. ప్రాగ్‌లో లాడ్రోంకా అనే పాడుబడిన పాత భవనాన్ని 1993లో కొందరు ఆక్రమించుకుని, 2000లో వారిని ఖాళీ చేయించేదాకా అక్కడ కచేరీలు జరిపించారు. స్ట్రాహోవ్ కొండ మీది విద్యార్థి వసతిగృహాల్లో ఏడవ నంబరు భవనం నేలమాళిగలో 007 అనే క్లబ్బు ఉంది. పైకప్పు చేతికందేంత తక్కువగా ఉండే ఆ గదిలో ఎన్నో విదేశీ హార్డ్‌కోర్ బ్యాండ్లు వాయించాయి. వ్యాన్‌లో యూరప్ అంతా తిరుగుతూ వచ్చే బ్యాండ్లకు స్థానికులు అన్నం పెట్టి, పడుకోవడానికి నేల చూపించేవారు. బదులుగా రికార్డులు, ఉత్తరాలు, చిరునామాలు చేతులు మారేవి. డబ్బు తక్కువగా, నమ్మకం ఎక్కువగా నడిచిన ఆ వ్యవస్థ లేకపోతే టాబొర్ కుర్రాళ్ల పాటలు అట్లాంటిక్ దాటి ఉండేవి కావు.

అవి దాటిన తీరే నన్ను వారి దగ్గరికి చేర్చింది. టెక్సస్‌లోని ఎల్ పాసోకు చెందిన ఎట్ ద డ్రైవ్-ఇన్ అనే బ్యాండ్, సన్‌షైన్‌తో కలిసి 2000లో ఒక స్ప్లిట్ రికార్డు తెచ్చింది. బోస్టన్‌లోని బిగ్ వీల్ రిక్రియేషన్ అనే లేబుల్ దాన్ని విడుదల చేసింది. స్ప్లిట్ అంటే ఒకే రికార్డును రెండు బ్యాండ్లు పంచుకోవడం. ఒకరి పేరు విని కొన్నవారికి రెండోవారి పాటలు కూడా చెవిన పడతాయి. అదే సంవత్సరం ఎట్ ద డ్రైవ్-ఇన్ తన అత్యంత ప్రసిద్ధమైన ఆల్బమ్ తెచ్చి, మరుసటి ఏడాదే విడిపోయింది.

నేను ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు మా సీనియర్ అక్క ఒకామె దగ్గర పాటలతో నిండిన హార్డ్ డిస్క్ ఉండేది. ఎట్ ద డ్రైవ్-ఇన్ పాటలన్నీ కావాలని అడిగితే, "మొత్తం ఫోల్డర్ తీసుకోవే, ఏరుకుంటూ కూర్చోకు" అని ఇచ్చింది. అందులో ఆ స్ప్లిట్ కూడా ఉంది. ఎల్ పాసో వారి పాటలు అయిపోయాక కంప్యూటర్ ఆగకుండా తర్వాతి పాటకు వెళ్లింది. పాడుతున్నది ఇంగ్లీషే గాని, అమెరికన్ ఇంగ్లీషు కాదని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. మాటల్లో సగం అర్థం కాలేదు. ఆ రాత్రి నేను ఆ పాటలను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు, దొరికిన చోటల్లా వెతికి, వారి పాత రికార్డులను ఒక్కొక్కటిగా పోగుచేసుకున్నాను.

ఆ పాత రికార్డుల నాదాన్ని మాటల్లో పెట్టడానికి ప్రయత్నిస్తాను. గిటార్ల శబ్దం బొంగురుగా, అంచులు చెదిరి, ఇరుకు గదిలో గోడలకు తగిలి తిరిగి వస్తున్నట్టు ఉంటుంది. పాట నెమ్మదిగా మొదలవుతుంది. ఒక గిటార్ నాలుగైదు స్వరాలను విడివిడిగా మీటుతూ ఉంటే, గాయకుడు కేయ్ బురియానెక్ తనలో తాను అనుకుంటున్నట్టు పాడతాడు. డ్రమ్స్ కొంచెం కొంచెంగా దగ్గరపడతాయి. వినేవాడికి ఏదో జరగబోతున్నదని తెలుసు, ఎప్పుడో తెలియదు. ఒక్కసారిగా అన్ని వాద్యాలూ కలిసి విరుచుకుపడతాయి, గొంతు చిరిగిపోతుంది. తాళం తడబడినట్టు అనిపించే చోట కూడా అందరూ ఒకేచోట తడబడతారు. కొద్ది క్షణాల్లో అంతా ఆగి, మళ్లీ ఆ నాలుగు స్వరాలే మిగులుతాయి.

ఇది ఎమోలో తెలిసిన పద్ధతే. మెల్లగా, గట్టిగా, మళ్లీ మెల్లగా. దాని బలం ఎక్కడ ఉందంటే, బిగువు ఎంత పెరిగితే అంత గట్టిగా అది తెగుతుందన్న వాగ్దానం వినేవాడికి ముందే అందుతుంది, ఆ వాగ్దానం నెరవేరుతుంది. ఇరవై ఏళ్ల వయసులో నాకు అది చాలా అవసరమైంది. ఇంట్లో గాని, హాస్టల్లో గాని గట్టిగా ఏడ్చే చోటు లేని అమ్మాయికి, తన బదులు ఎవరో గొంతు చించుకుంటుంటే కలిగే ఊరట చిన్నది కాదు. ఆ గొంతులో ప్రమాదం కూడా ఉంది. ఈ మనిషి ఇలాగే పాడితే ఇంకో రెండేళ్లకు మాట కూడా మిగలదేమో అన్న భయం వినేటప్పుడు కలుగుతుంది. ఆ భయమే ఆ పాటలు నిజమైనవన్నదానికి నాకు రుజువుగా తోచింది.

అలాంటి నాకు వారి తర్వాతి ఆల్బమ్‌లు దొరికాయి. వాటి పేర్లలోనే మార్పు కనిపిస్తుంది. ఒక దాని పేరు హిస్టీరికల్ స్టీరియో లూప్స్, బీట్స్ అండ్ బ్లడీ లిప్స్. లూప్‌లు, బీట్‌లు అన్న మాటలు హార్డ్‌కోర్ బ్యాండ్ అట్టమీద కనిపించేవి కావు, అవి డాన్స్ క్లబ్బుల మాటలు. తర్వాత నెక్రోమాన్స్ వచ్చింది, ఆ తర్వాత మూన్‌షవర్ అండ్ రేజర్‌బ్లేడ్స్ వచ్చింది. చీకటి, రక్తం, వెన్నెల, బ్లేడు. దినచర్య పుస్తకంలోంచి చించిన కాగితాల్లా ఉన్న పాత పాటల స్థానంలో రాత్రి నగరం, నియాన్ దీపాలు, పిశాచాల వేషాలు వచ్చి చేరాయి.

నాదం అంతకంటే ఎక్కువగా మారింది. గిటార్ బొంగురు వదిలి సన్నబడింది. నిండుగా మోగే తీగలకు బదులు ఒక్కొక్క స్వరమే, నీటిలో ప్రతిధ్వనిస్తున్నట్టు, సూటిగా వచ్చి గుచ్చుకుంటుంది. ఆ గిటార్ ఖాళీ చేసిన చోటులోకి సింథసైజర్ వచ్చి కూర్చుంది. గిటార్ల వెనుక ఎక్కడో నక్కి ఉండే బేస్ గిటార్ ముందుకు వచ్చి, చాలా పాటల్లో అసలు రాగాన్ని తానే మోస్తుంది. డ్రమ్స్ తడబడటం మానేశాయి. లెక్కపెట్టినట్టు, ఒకే నడకలో, కాళ్లు కదిలించే తాళం. అన్నిటికంటే పెద్ద మార్పు గొంతులో వచ్చింది. మైకుకు దూరంగా నిలబడి అరిచే మనిషి మైకును పెదవులకు ఆనించుకున్నాడు. ఊపిరి వినిపిస్తుంది, నాలుక కదలిక వినిపిస్తుంది. అరుపు పూర్తిగా పోలేదు గాని, అది ఇప్పుడు అదుపులో ఉన్న అరుపు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అతడికి తెలుసు.

నాకు చాలా కోపం వచ్చింది. ఇంగ్లీషు పంక్ పత్రికల భాష నుంచి నేర్చుకున్న ఒక మాట నా నోటికి సిద్ధంగా ఉంది. అమ్ముడుపోయారు అన్నాను. నన్ను ఓదార్చిన గొంతు ఇప్పుడు అద్దం ముందు నిలబడి ముస్తాబవుతున్నదని అనిపించింది. ఆ ఆల్బమ్‌లను కంప్యూటర్‌లో వేరే ఫోల్డర్‌లోకి నెట్టేసి, కొన్నేళ్లపాటు తెరవలేదు.

ఎమో అభిమానులలో ఇలాంటి కోపానికి పాత చరిత్రే ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండ్ జాబ్రేకర్ గాయకుడికి 1990ల మొదట్లో గొంతుకు శస్త్రచికిత్స జరిగింది. 1995లో ఆ బ్యాండ్ ఒక పెద్ద కంపెనీ తరఫున ఆల్బమ్ తెచ్చినప్పుడు, అందులో గొంతు నున్నగా, గిటార్లు శుభ్రంగా ఉన్నాయని అభిమానులు ఎంత నొచ్చుకున్నారంటే, కొత్త పాటలు వాయించేటప్పుడు కొందరు వేదికకు వీపు తిప్పి నిలబడ్డారు. గాయపడిన గొంతు గాయపడినట్టే ఉండాలని కోరుకోవడంలో ఉన్న క్రూరత్వం నాకు ఆ కథ చదివినప్పుడు అర్థమైంది. సన్‌షైన్ విషయంలో నేను కూడా అదే పని చేశానని తెలుసుకోవడానికి మాత్రం ఇంకొంత కాలం పట్టింది.

ఆ మార్పు సన్‌షైన్ ఒక్కటే చేసినది కాదు. పైన చెప్పిన శాన్ డియేగో కొమ్మలోనే ఆంటియోక్ యారో 1995లో తన చివరి ఆల్బమ్‌లో అరుపులను పక్కనపెట్టి, చీకటి నాటకంలాంటి, కీబోర్డులతో నిండిన సంగీతంలోకి వెళ్లిపోయింది. 1997లో ద వీఎస్ఎస్ అనే బ్యాండ్ హార్డ్‌కోర్ మధ్యలోకి సింథసైజర్‌ను తెచ్చింది. ఒమాహాకు చెందిన ద ఫెయింట్ 1999లోను, 2001లోను తెచ్చిన ఆల్బమ్‌లతో గిటార్ బ్యాండ్ నుంచి నాట్యం చేయించే సింథ్ బ్యాండ్‌గా మారిపోయింది. వీటన్నిటినీ వరుసగా వింటే, అరుపు చిట్టచివరి అంచుకు చేరిన తర్వాత ఇంకా గట్టిగా అరవడానికి చోటు లేక, సంగీతకారులు పక్కదారి వెతుక్కున్నారని తెలుస్తుంది. హార్డ్‌కోర్‌లో పెరిగినవారికి వేగం, ఆందోళన ఒంట్లో ఉన్నాయి. వాటిని బేస్‌లోకి, డ్రమ్స్‌లోకి మళ్లించారు.

టాబొర్ వారికి మాత్రం ఆ పక్కదారి పరాయిది కాదని నా నమ్మకం. 1983లో పార్టీ పత్రిక తిట్టిన నాదం అదే అని పైన రాశాను. 1988 మార్చి 11న, కమ్యూనిస్టు పాలన ఇంకా ఉండగానే, డెపెష్ మోడ్ అనే ఇంగ్లండ్ సింథ్ బ్యాండ్ ప్రాగ్‌లో కచేరీ చేసింది. పాశ్చాత్య బ్యాండ్ ఒకటి అలా వచ్చి వాయించడం అప్పట్లో అరుదు. ఆ దేశంలో, ఆ చుట్టుపక్కల దేశాల్లో డెపెష్ మోడ్‌కు ఉన్న అభిమానం ఈనాటికీ తగ్గలేదు. అమెరికన్ కుర్రాడికి సింథసైజర్ అంటే 1980ల టీవీ గుర్తుకొస్తుందేమో. ప్రాగ్‌లో, టాబొర్‌లో పెరిగినవాడికి అది అందీ అందని ఒక ప్రపంచం. సన్‌షైన్ సింథసైజర్‌ను పట్టుకున్నప్పుడు అమెరికన్ ఫ్యాషన్‌ను అనుకరించిందని అనుకోవడం కంటే, తమ బాల్యంలో గాలిలో తేలుతూ ఉన్న శబ్దాన్ని ఇన్నాళ్లకు ముట్టుకున్నదని అనుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

భాష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను ఈ బ్యాండ్‌ను మళ్లీ వినడం మొదలుపెట్టింది భాష దారినే. చెక్ భాషలో ఊనిక, అంటే నొక్కి పలకడం, ఎప్పుడూ పదం మొదటి అక్షరం మీదే పడుతుంది. దీర్ఘం ఎక్కడ ఉన్నా ఊనిక మాత్రం మొదటే. ఊనికను, దీర్ఘాన్ని వేరువేరుగా ఉంచడం ఇంగ్లీషువారికి కష్టం. మనకు అంత కష్టం కాదు, మన భాషలో కూడా హ్రస్వదీర్ఘాల భేదం ఊనికతో పనిలేకుండా అర్థాన్ని మార్చేస్తుంది. హల్లుల విషయంలో మాత్రం రెండు భాషలూ రెండు ధ్రువాలు. తెలుగు పదం అచ్చుతో ముగిసి గాలిలో తేలుతుంది. చెక్‌లో అచ్చు లేకుండానే, ర, ల లాంటి హల్లు మీదే అక్షరం నిలబడిన పదాలు ఎన్నో ఉన్నాయి. వేలు అనడానికి ప్రస్ట్, మెడ అనడానికి క్రక్.

సన్‌షైన్ ఇంగ్లీషులో పాడుతుంది. పాత రికార్డుల్లో ఆ ఇంగ్లీషు అరుపులో కరిగిపోయేది. అరిచినప్పుడు హల్లులు నలిగిపోయి అచ్చులే మిగులుతాయి, ఎవరు అరిచినా ఏ భాషలో అరిచినా దాదాపు ఒకేలా వినిపిస్తుంది. గొంతు తగ్గించాకే అతడి అసలు భాష బయటపడింది. ప్రతి మాట మొదటి అక్షరం మీద చిన్న దెబ్బ పడుతుంది. హల్లులు పదునుగా, విడివిడిగా, పళ్ల మధ్య నుంచి వస్తాయి. ఆ దెబ్బ డ్రమ్స్ దెబ్బతో సరిగ్గా కలుస్తుంది. ఇంగ్లీషు వాక్యాన్ని చెక్ నడకలో నడిపిస్తున్నాడని నాకు ఒకరోజు బస్సులో వింటుండగా హఠాత్తుగా తట్టింది. ఇన్నాళ్లూ నేను నిజాయితీ అనుకున్న అరుపు అతడి ఊరిని దాచిపెట్టింది, నేను ముస్తాబు అనుకున్న గుసగుసలో ఆ ఊరు వినిపిస్తోంది.

చిన్నప్పుడు మా వీధిలో ఒక పెద్దావిడ దగ్గర మూడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. పై షడ్జం అందుకోగానే పిల్లలందరం సంబరంగా గొంతు పెంచేవాళ్లం. ఆవిడ చేయి అడ్డం పెట్టి, "పైకి వెళ్లమన్నాను గాని అరవమనలేదమ్మా, కింద పాడి చూపించు" అనేవారు. మంద్రస్థాయిలో గొంతు నిలబెట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసేది. బలం సరిపోక స్వరం జారిపోతుంది, దాచుకోవడానికి చోటు ఉండదు. ఆ పాఠాన్ని నేను చెక్ బ్యాండ్ దగ్గర వాడతానని ఆవిడ అనుకుని ఉండరు. బస్సులో ఆ పాట వింటున్నప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి కళ్లముందు మెదిలింది.

నాకు అర్థమైంది ఇదీ. మొదటి రికార్డుల్లో ఏడుపు వినిపిస్తుంది. తర్వాతి రికార్డుల్లో ఏడుపును ఆపుకోవడం వినిపిస్తుంది. పాత పద్ధతిలో బిగువు పెరిగి తెగుతుంది, వినేవాడి గుండె తేలికపడుతుంది. కొత్త పద్ధతిలో డ్రమ్స్ ఆ తెగిపోయే క్షణాన్ని రానివ్వవు. ఒకే నడక సాగుతూనే ఉంటుంది, పైన సింథ్ స్వరం కదలకుండా వేలాడుతూనే ఉంటుంది, గొంతు ఇంకొంచెం దగ్గరికి వస్తుంది, పాట అయిపోతుంది. విడుదల లేదు. నాట్యం చేసే తాళం కాబట్టి ఇది సరదా సంగీతం అని పొరపడ్డాను. పెళ్లిలో నవ్వుతూ అందరినీ పలకరించి, ఇంటికి వచ్చాక తలుపు వేసుకునే మనిషి సంగీతం అది. ఇరవై ఏళ్లప్పుడు నాకు అరిచే మనిషి కావలసి వచ్చాడు. ముప్పై దాటాక, ఆఫీసులో ముఖం మామూలుగా పెట్టుకుని తొమ్మిది గంటలు కూర్చోవడం అలవాటయ్యాక, ఆపుకున్న గొంతు ఏమిటో తెలిసింది.

ఇలా అన్నంత మాత్రాన తర్వాతి రికార్డులన్నీ గొప్పవని అనను. కొన్ని పాటల్లో చీకటి, రక్తం వంటి మాటలు అలంకారంగానే మిగిలిపోయాయి, వాటి వెనుక మనిషి కనిపించడు. సింథసైజర్ స్వరం ఎంచుకోవడంలో ఆ కాలపు ముద్ర కొన్నిచోట్ల మరీ గాఢంగా ఉంది. 2002 ప్రాంతంలో న్యూయార్క్ నుంచి అలాంటి బ్యాండ్లు వరసగా వచ్చిన తర్వాత, సన్‌షైన్‌ను కొత్తగా వినేవారు వీరు కూడా ఆ గుంపులోవారే అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పాత రికార్డుల్లో ఉన్న ప్రమాదం, అంటే పాట మధ్యలో అంతా కూలిపోవచ్చన్న భావన, మళ్లీ ఎక్కడా రాలేదు. అది నిజంగా పోయింది, దాని కోసం ఇప్పటికీ పాత రికార్డుల దగ్గరికే వెళ్తాను. రికార్డింగు మెరుగుపడే కొద్దీ ఇరుకు గది వాసన పోతుంది. బ్యాండ్ పెరగడంలో అది భాగమే అయినా, ఆ గదిని ప్రేమించినవారికి దిగులుగానే ఉంటుంది.

అయితే ఇంగ్లీషులో పాడటం పొరపాటని, చెక్‌లో పాడి ఉంటే ఇంకా లోతుగా ఉండేదని వినిపించే వాదనతో నేను ఏకీభవించను. సొంత భాషలో పాడటం ఒక నిజాయితీ. అనుమతి సంఘాల కాలం ఇప్పుడే ముగిసిన ఒక చిన్న ఊరిలో కూర్చుని, ఎల్ పాసోలోనో బోస్టన్‌లోనో ఉన్న ఎవరికో ఉత్తరం రాసినట్టు వారి భాషలో పాడటం ఇంకొక నిజాయితీ. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత ఇంగ్లీషులో మాట్లాడవలసి వచ్చిన నాకు, అరువు తెచ్చుకున్న భాషలో నిజం చెప్పడం ఎలా ఉంటుందో తెలుసు. పదం సరిగ్గా పలికానా అన్న భయం ఒకవైపు, చెప్పకపోతే ఊపిరాడదన్న తొందర ఒకవైపు. నేను మొదటి రాత్రి ఆ గొంతులో విన్నది ఈ రెండూ కలిసిన శబ్దమేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఈ మధ్య నేను వారి రికార్డులను వెనుక నుంచి ముందుకు వింటున్నాను. చివరివి ముందు, మొదటివి చివర. ఇలా విన్నప్పుడు ఒక సంగతి బయటపడింది. మూన్‌షవర్ అండ్ రేజర్‌బ్లేడ్స్‌లోని ఆ స్థిరమైన నడక చెవుల్లో ఇంకా ఆడుతుండగానే స్ప్లిట్ పాటలకు, అక్కడి నుంచి ఇంకా పాత వాటికి వెళ్తే, బొంగురు గిటార్ల కింద, చిరిగిపోతున్న గొంతు కింద, డ్రమ్స్ తడబడుతున్నాయని నేను ఇన్నేళ్లూ అనుకున్న చోట కూడా, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దాదాపు అదే నడకలో నడుస్తూ ఉంది. పైన ఏం కూలిపోతున్నా అది లెక్క తప్పడం లేదు. హాస్టల్ గదిలో చిన్న స్పీకర్లకు ఆ కింది శబ్దాన్ని వినిపించే శక్తి లేదు, నాకు అరుపే వినిపించింది. నిన్న రాత్రి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతును వదిలేసి, కింది డ్రమ్మునే పట్టుకుని ఆ మొదటి రాత్రి పాటను మళ్లీ విన్నాను. విరుచుకుపడే చోటు వచ్చింది, అందరూ ఒక్కసారిగా ఆగారు, ఆ ఆగిన చోట కూడా కాలి డ్రమ్ము ఇంకొక్క దెబ్బ కొట్టింది.